మొక్కజొన్న తోటలో పాట ఎవరిది?

ఏ కాలేజీ ఫెస్ట్‌లోనైనా "ఇప్పుడొక జానపద గీతం" అని చెప్పి ‘మొక్కజొన్న తోటలో’ పాడితే మనం చప్పట్లు కొడతాం. నిజానికి అది జానపదం కాదు. కొనకళ్ళ వెంకటరత్నం అనే కవి రాసిన గేయం. 1969లో ‘అదృష్టవంతులు’ సినిమాలో కె.వి. మహదేవన్ సంగీతంలో పి. సుశీల పాడారు. పాట జనంలో ఎంతగా కలిసిపోయిందంటే కవి పేరే జారిపోయింది. కవికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు అనొచ్చు. అయినా పేరు పోవడం నష్టమే అంటాను నేను. ఎందుకో చెప్పాలంటే ముందు కాస్త ఇంగ్లండ్ దాకా వెళ్ళి రావాలి.

పొలం నుంచి పియానో దాకా

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో కొందరు స్వరకర్తలు పల్లె వైపు తిరిగారు. వాళ్ళనే పాస్టరల్ కంపోజర్లు అంటారు. అప్పటికే ఫ్యాక్టరీలు పెరిగి, జనం పట్నాలకు వెళ్ళిపోయి, పల్లెపాటలు ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలాయి. 1903లో సెసిల్ షార్ప్ సోమర్సెట్‌లో ఒక తోటమాలి పాడుతుంటే విని రాసుకున్నాడు. అతని పేరు జాన్ ఇంగ్లండ్. అదే ఏడాది డిసెంబర్‌లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఎసెక్స్‌లో చార్లెస్ పాటిఫర్ అనే ముసలి కూలీ దగ్గర ఒక పాట విని, అక్కణ్ణుంచి వందల పాటలు సేకరించాడు.

మా బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. చర్చి పాటలంటే అన్నీ గొప్ప పండితులు కట్టినవే అనుకుంటాం కదా. 1906లో వాన్ విలియమ్స్ సంగీతం చూసిన ‘ఇంగ్లిష్ హిమ్నల్’ అనే పాటల పుస్తకంలో పల్లెపాటల బాణీలు చాలా ఉన్నాయి. మన ఇంగ్లిష్ మీడియం స్కూళ్ళలో క్రిస్మస్‌కి నేర్పే ‘ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహేమ్’ ఉంది చూడండి, దానికి ఇంగ్లండ్‌లో పాడే బాణీ అలా పల్లెలో దొరికిందే.

ఇంకో దారి కవిత్వం. హౌస్‌మన్ అనే కవి 1896లో ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ అచ్చు వేయించాడు. ఆయన ష్రాప్‌షైర్ వాడు కాదు, పక్క జిల్లా వాడు. ఆ కవితలు రాసింది ఎక్కువగా లండన్‌లో. జార్జ్ బటర్‌వర్త్ వాటిలో ఆరింటిని గొంతుకూ పియానోకూ పాటలుగా కట్టి 1911లో ప్రచురించాడు. అన్నీ పల్లెపాటల్లాగే వినిపిస్తాయి, కానీ పాత జానపద బాణీ వాడింది ఒక్కదానికే. మిగతావి ఆయన సొంతం. స్వయంగా ఊళ్ళు తిరిగి పాటలు సేకరించినవాడు కాబట్టి ఆ నడక ఆయన చెవిలో ఉండిపోయింది. 1916 ఆగస్టులో, 31 ఏళ్ళ వయసులో, సోమ్ యుద్ధంలో చనిపోయాడు.

మన ఎంకి, మన రేడియో

మన దగ్గరా ఇదే కథ, దాదాపు అదే కాలంలో. నండూరి వెంకట సుబ్బారావు ఏలూరులో ప్లీడరు. ఆయన ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాయి. ఎంకి, నాయుడు బావ మాట్లాడేది పల్లెటూరి భాష. కవిత్వమంటే గ్రాంథికమే అనుకునే రోజులవి, అక్కిరాజు ఉమాకాంతం లాంటి పండితులు గట్టిగానే విమర్శించారు. కానీ పాటని వాదించి ఆపలేం కదా!

తర్వాత రేడియో వచ్చింది. 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తానే రాసి తానే బాణీ కట్టేవారు. కవి రాసిన గేయానికి శాస్త్రీయ కచేరీ బరువు లేకుండా, మాట స్పష్టంగా వినబడేలా కట్టే ఈ పద్ధతే లలిత సంగీతం. కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయాదేవి, చెల్లెలు సీతతో కలిసి జానపదాలనీ, భావగీతాలనీ ఒకే వేదిక ఎక్కించారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘జయ జయ ప్రియ భారత’కి బాణీ అనసూయాదేవిదే. ఆమె 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. పాట మనకి తెలుసు, కవి తెలుసు. బాణీ కట్టిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

బాణీ చేసే పనేంటో అర్థం కావాలంటే ‘మల్లీశ్వరి’ (1951) లో ఎడ్లబండి పాట వినండి. రాసింది కృష్ణశాస్త్రి, స్వరపరిచింది సాలూరి రాజేశ్వరరావు. వాన, తొందర, బండి పరుగు కాగితం మీద మాటలే. తాళం మొదలవ్వగానే ఎడ్లు నిజంగా కదులుతాయి. ఇంగ్లండ్ వాళ్ళకి ఆ పొలం, ఆ గాలి పియానో హార్మొనీలోంచి వస్తే, మనకి లయలోంచీ, గొంతు సాగే తీరులోంచీ వస్తుంది.

పేరు ఎక్కడ పోయింది?

ఒక్క విషయంలో ఇంగ్లండ్ వాళ్ళు జాగ్రత్తపడ్డారు. పాటతో పాటు పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ రాసుకునేవారు. అందుకే వందేళ్ళ తర్వాత కూడా ఒక కూలీ పేరు నేను టైప్ చేయగలుగుతున్నాను. మన దగ్గరా సేకరణ జరిగింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీదే పీహెచ్‌డీ చేశారు. పాడుకునే మనమే ‘జానపదం’ అనే ఒక్క ఫోల్డర్‌లో అన్నీ పడేశాం. అమ్మమ్మ పాట, కొనకళ్ళ గేయం, సినిమా పాట, అన్నీ అందులోనే.

మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే, గిట్‌లో ప్రతి లైన్‌కీ రాసినవాడి పేరు కనిపిస్తుంది. ఎవరో రాసిన కోడ్‌ని పేరు తీసేసి వాడితే ఒప్పుకోం. పాట దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘ట్రెడిషనల్’ అని కొట్టేసి అప్‌లోడ్ చేసేస్తాం. గోరటి వెంకన్న లాంటివాళ్ళు తామే రాసి, తామే కట్టి, తామే పాడతారు కాబట్టి ఆ పేరు పాటని వదిలిపోలేదు. అందరికీ ఆ అదృష్టం లేదు.

కాబట్టి రెండు పనులు చేద్దాం. స్టేజీ మీద పాడేముందు కవి పేరూ, బాణీ కట్టినవాళ్ళ పేరూ వెతికి చెబుదాం, పది సెకన్ల పని. రెండోది, ఈసారి బతుకమ్మకి ఇంటికెళ్ళినప్పుడు స్పీకర్ ఆపి నానమ్మనో అమ్మమ్మనో పాడమని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసి ఫైల్ పేరులో ఆమె పేరు, ఊరు, తేదీ రాయండి. పాట ఎలాగోలా బతుకుతుంది. పాడిన మనిషి పేరు మాత్రం మనం రాస్తేనే ఉంటుంది.