ఊరు దాటిన పుకారు

‘పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయట!’ 2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పల్లెల్లో ఇదే మాట. ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకున్నారు. భయాన్ని మోసుకొచ్చింది వాట్సాప్.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిలుపై వచ్చినవారు వీధిలో బాలుణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికది పిల్లల రక్షణ కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. బాలుణ్ణి తిరిగి దించేసే చివరి భాగాన్ని ఎవరో కోసేశారు. ఎక్కడిదని అడిగినవారు తక్కువ, పంపినవారే ఎక్కువ.

అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో మాత్రం పోయాయి. జూలై 1న, పిల్లల దొంగలనుకుని అయిదుగురు సంచార జాతివారిని కొట్టి చంపారు.

ఆ నెలలోనే, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా భారత్‌లో వాట్సాప్ కట్టడి ప్రకటించింది.