కత్తెర పురుగు – జాతి, వ్యాప్తి

మొక్కజొన్న సుడిలో ఏ పురుగు కనబడినను లద్దె పురుగని పిలుచుట మన పల్లెలలో పరిపాటి. ఈ పిలుపు పూర్తిగ తప్పు కాదు గాని, నేడది చాలదు. 2018వ సంవత్సరమునుండి కత్తెర పురుగు అను క్రొత్త జాతి మన చేలలో చేరియున్నది. దుండిగల్, మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలో ఇండ్ల స్థలముల నడుమ మిగిలిన కొద్దిపాటి మొక్కజొన్న చేలకు సైతము దీనివలన ముప్పు కలదు.

ఈ రెండు పురుగులును దాయాదులు. రెండును లెపిడాప్టెరా వర్గములో, నాక్టుయిడే కుటుంబమున, స్పోడాప్టెరా అను ఒకే ప్రజాతికి చెందినవి. పొగాకు, ఆముదము, వేరుశనగ తినెడి పాత లద్దె పురుగు స్పోడాప్టెరా లిట్యురా. క్రొత్తది స్పోడాప్టెరా ఫ్రూజిపెర్డా. పంటను పాడుచేయునది అని లాటిను భాషలో దీని భావము. స్మిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1797లో దీనిని వర్ణించెను. పేరు మాత్రము చక్కగ అమరినది!

దీనిని గుర్తించుటకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఎదిగిన పురుగు తలపై తలక్రిందులైన ‘వై’ అక్షరము వంటి తెల్లని గీత యుండును. తోకకు ముందున్న ఖండముపై నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగ అమరియుండును. ఈ చుక్కలే నమ్మదగిన గుర్తు. పెద్ద పురుగులు ఒకదానినొకటి తినును. కావున ఒక్కొక్క సుడిలో సాధారణముగ ఒక్కటే మిగులును.

లద్దె పురుగు ఆసియా, ఆస్ట్రేలియా ప్రాంతములది. కత్తెర పురుగు స్వస్థలము అమెరికా ఖండములు. అది 2016లో పశ్చిమ ఆఫ్రికాలోను, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలోను కనబడినది. ఆ యేడే తెలంగాణకు వచ్చినది. 2019లో చైనాను, 2020లో ఆస్ట్రేలియాను చేరినది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల వరకు ఎగురగలదు. ఇది గడ్డకట్టు చలికి ఓర్వలేదు. అందువలన ఉత్తర అమెరికాలో ప్రతి శీతకాలమున దక్షిణపు కొసనే బ్రతికి, మరల ఉత్తరమునకు సాగును. మనకట్టి చలి లేదు. వానకాలపు పంట వెంట యాసంగి మొక్కజొన్న యున్నచో దానికి ఏడాది పొడుగున మేత దొరకును.

కావున ఊరిలోని రైతులందరును ఇంచుమించు ఒకే వారములో విత్తునట్లు పంచాయతీ సభ్యులు ముందుగనే మాటలాడుట మేలు. లింగాకర్షక బుట్టలు తెప్పించునపుడు జాతి పేరు తప్పక చూడవలెను. లిట్యురా ఎర పెట్టిన బుట్ట కత్తెర పురుగును ఆకర్షింపదు. బుట్ట ఖాళీగ నున్నదని రైతు నిశ్చింతగ నుండగా, సుడిలో పురుగు తినుచునే యుండును.