మందారానికి మసి ఎవరు పూశారు?

మీ పెరట్లో మందారం, కరివేపాకు, జామ ఆకులమీద పొయ్యి మసి పూసినట్లు నల్లగా కనిపిస్తోందా? పెనుగొలనులో మా మందారానికి అలాగే అయితే, వంటింటి పొగేమోలే అని ఊరుకున్నాను. నలుపు ఎక్కువయ్యేసరికి, పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలితే కొట్టేశాను. పక్కనున్న కరివేపాకు మీదా పడింది. ఆ ఆకు పోపులో వెయ్యాలంటే ఎన్నాళ్ళో భయమేసింది. ఇంతా చేస్తే మసి మళ్ళీ వచ్చింది!

అసలు సంగతేమిటంటే, ఆ నలుపు ఒక బూజు. మసి తెగులు అంటారు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, పొలుసు పురుగులు ఆకుల రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తాయి. అది కింది ఆకులమీద పడితే దానిమీద ఈ బూజు పెరుగుతుంది. మన తిరువూరు, నూజివీడు వైపు మామిడి తోటలున్నవారికి ఇది కొత్తేమీ కాదు. పూతమీద తేనెమంచు పురుగు చేసే పనీ ఇదే. చీమలు ఆ తీపి కోసం ఈ పురుగులకు కాపలా కాస్తాయి. కొమ్మ వెంట చీమల బారు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి.

గుర్తుపట్టడం తేలికే. తడిగుడ్డతో తుడిస్తే నలుపు పోయి ఆకు పచ్చగా కనబడితే అది మసి తెగులు. గులాబీ ఆకుమీద నల్లమచ్చ తుడిచినా పోకపోతే ఆకుమచ్చ తెగులు. ఇది పురుగుల వల్ల కాదు, నీటి తుంపర్లతో పాకుతుంది. ఆ ఆకులు ఏరేసి, నీళ్ళు మొదట్లోనే పోయండి. గులాబీ చిగుళ్ళమీద తెల్లటి పొడి చల్లినట్లుంటే బూడిద తెగులు. అది గాలికి వ్యాపిస్తుంది. తెలుపు దూదిముద్దల్లా ఉండి, నలిపితే జిగటగా తగిలితే మాత్రం పిండినల్లి.

మసి తెగులుకు ముందు పురుగును వదిలించాలి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి. లీటరు నీళ్ళలో చెంచాడు వేపనూనె, కాస్త సబ్బు కలిపి, సాయంత్రంపూట ఆకుల అడుగు తడిసేలా చల్లండి. వారానికోసారి రెండు మూడుసార్లు చెయ్యాలి. పురుగు పోయాక ఎండరోజున పల్చటి గంజి చల్లితే, ఆరి పెచ్చులుగా ఊడుతూ మసినీ తీసుకుపోతుంది.

ఎర్రటి వీపుమీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగులు కనిపిస్తే చంపకండి. పేనుబంకను తినేవి అవే. పొలం మందు మాత్రం పెరటి కరివేపాకు దగ్గరకు రానివ్వకండి. ఆ ఆకు పిల్లల కంచంలోకి వచ్చేది కదా!