మాంద్యములో ఖజానా: తరుగు ఎవరి వాటా?

గుంటూరు, ప్రకాశం మండలముల రైతు పన్నుల మాట ఎత్తినపుడెల్ల ఉర్దూ, తెలుగు రెండును ఒకే నాలుకపై పలుకును. వసూలు, బకాయి, జమ, ఖర్చు, కిస్తు, రసీదు, ఖజానా, తహసీలు: ఇవన్నియు అరబ్బీ, పారశీకముల నుండి పాలకుల కచేరీల ద్వారా వచ్చి మన నల్లరేగడిలో వేళ్లూనిన మాటలే. రెండు భాషలవారు చదువు ఈ సంచికలో ఖజానాను గూర్చి వ్రాయుటకు మాకు అదియే ధైర్యము.

వాన లేక పంట పోవుట ఒక కష్టము. పంట పండియు కొనువాడు లేకపోవుట వేరొక కష్టము. ఈ రెండవది దేశమంతట వ్యాపించిన కాలమును ఆర్థిక మాంద్యము అందురు. అప్పుడు అమ్మకములు తగ్గును, కూలి దొరకదు, పన్ను రాబడి పడిపోవును. సరిగా ఆ సమయముననే ప్రభుత్వమును ఆశ్రయించువారి సంఖ్య పెరుగును. ఈ తరుగును ఎవరో ఒకరు మోయక తప్పదు. ఎవరు మోయుదురన్నది చాలవరకు పన్ను యొక్క స్వరూపమును బట్టి ఉండును.

ఇస్లాము ధర్మశాస్త్రములో పంటపై 'ఉష్ర్' అను విధి కలదు. వాన నీటితో పండిన దానిలో పదవ వంతు, శ్రమపడి నీరు పెట్టి పండించిన దానిలో ఇరువదవ వంతు ఈయవలెను. ఇది పంటలో వాటా. పంట పోయినచో వాటాయు పోవును; ధర పడినచో పుచ్చుకొనువాడును ఆ నష్టములో పాలుపంచుకొనును. ఆంగ్లేయులు మద్రాసు రాజధానిలో నెలకొల్పిన రైత్వారీ శిస్తు ఇట్టిది కాదు. అది రొక్కముగా, సుమారు ముప్పది ఏండ్లకు ఒకసారి నిర్ణయమగునది. పంట పోయిన ఏట కొంత మినహాయింపు దొరకవచ్చును గాని, ధర పోయిన ఏట శిస్తు తనంతట తాను తగ్గదు. రెండు టిక్కీల మిరప అమ్మి శిస్తు కట్టిన రైతు, ధర సగమైన నాడు నాలుగు టిక్కీలు అమ్మవలసి వచ్చును. ప్రభుత్వ రాబడి చెక్కుచెదరదు, తరుగంతయు రైతుదే.

మన ప్రాంతమునకు పన్నులతో తగవు క్రొత్త కాదు. పురపాలక పన్నులు భరింపలేక చీరాల-పేరాల ప్రజలు 1921లో ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో కాపురముండిరి. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా శిస్తు నిరాకరించెను. వీటిని మనము స్వాతంత్ర్య సమర ఘట్టములుగా చదువుచున్నాము. పన్నుల చరిత్రగా చదువుట అరుదు. అది లోపమని మా అభిప్రాయము.

1929 తరువాత ప్రపంచమంతట ధరలు కూలెను. ఆ సమయమున కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తు రూపాయికి మూడణాలు, అనగా నూటికి 18.75 వంతున పెంచుటకు ప్రభుత్వము పూనుకొనెను. నిడుబ్రోలు వాస్తవ్యులు, అర్థశాస్త్రాచార్యులు అయిన ఎన్.జి. రంగాగారు రైతుల పక్షమున నిలిచి ఉద్యమము నడపిరి. 1937లో వచ్చిన కాంగ్రెసు మంత్రివర్గము మరుసటి సంవత్సరమే రైతు ఋణ విమోచన శాసనము చేసెను. ఆ మంత్రివర్గములో రెవెన్యూ శాఖ మన టంగుటూరి ప్రకాశం పంతులుగారిది. ప్రధానిగా ఉండి ఆర్థిక శాఖను కూడ చూచిన రాజగోపాలాచారిగారికి మాత్రము వేరొక చిక్కు వచ్చిపడెను. మద్యనిషేధము వలన ఆబ్కారీ ఆదాయము పోవుచున్నది. దానిని పూడ్చుట ఎట్లు? 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను శాసనము అందుకే పుట్టెను. నేల మీది పన్ను క్రమముగా అంగడి మీదికి మారెను. అది మొదలు సారా రాబడి, అంగడి రాబడి ఒకదానికొకటి తోడికోడండ్రవలె ఖజానాలో కాపురము చేయుచున్నవి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము విధించిన ఆంధ్రప్రదేశ్ 1997లో దానిని సడలించుటకు ప్రధాన కారణము ఖజానా ఇబ్బందియే.

అంగడి పన్నుకు ఒక గుణము కలదు: అమ్మకము తగ్గినచో అదియు తగ్గును. కనుక మాంద్యపు తరుగు ఇప్పుడు మొదట ఖజానాకే తగులును. 2020లో ఇది కన్నులార చూచితిమి. కోవిడ్ మూలమున ఆ ఏడు ఏప్రిల్-జూన్ మాసములలో దేశపు ఉత్పత్తి అంతకు ముందటి ఏటి కంటె నాలుగవ వంతుకు దగ్గరగా పడిపోయెను. 2017లో వస్తు సేవల పన్ను తెచ్చినపుడు, రాష్ట్రముల రాబడి ఏటేట 14 శాతము పెరుగునట్లు ఐదేండ్లు పరిహారమిత్తుమని కేంద్రము శాసనములో మాట ఇచ్చియుండెను. పరిహారపు నిధి చాలకపోగా, కొంత తర్జనభర్జన జరిగిన పిమ్మట కేంద్రము తానే అప్పు తెచ్చి 1.10 లక్షల కోట్లు రాష్ట్రములకు అప్పుగా అందించెను.

రాష్ట్రము తానుగా అప్పు చేయరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. చేయవచ్చును గాని స్వేచ్ఛగా కాదు. రాజ్యాంగము 293వ అధికరణము ప్రకారము, కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము కేంద్రము అనుమతి లేక అప్పు చేయరాదు. ఆ సంవత్సరము పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతము నుండి 5 శాతమునకు పెంచినను, పెంచిన దానిలో కొంత భాగమునకు షరతులు పెట్టిరి. నోటు ముద్రించు అధికారము రాష్ట్రమునకు లేనే లేదు.

మిగిలిన మార్గములేవి? 2020 మే మొదటి వారములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మద్యము ధరను మొదట 25 శాతము, మరునాడు మరి 50 శాతము పెంచెను. త్రాగుడు మాన్పించుటకని చెప్పిరి. నిజమే కావచ్చును, కాని మానలేనివాని కూలిలో నుండియే ఆ సొమ్ము వచ్చును. ఆ వారమే కేంద్రము పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకము పెంచెను. అందులో అధిక భాగము సెస్సు. సెస్సులోను, సర్‌చార్జిలోను రాష్ట్రములకు వాటా లేదు. తరుగును పంచుకొనవలసిన పెద్దయన్న తన పెట్టెకు వేరు తాళము వేసికొనుట మాకు న్యాయముగా తోచదు.

రైతు పన్ను కట్టడను మాట కూడ వినబడుచుండును. అతడు పండించిన పత్తిపై, మిరపపై అతడు వస్తు సేవల పన్ను చెల్లించనక్కరలేదు. అయితే రసాయనిక పురుగుమందుపై 18 శాతము, ఎరువుపై 5 శాతము కొనునపుడే కట్టుచున్నాడు. వ్యాపారి తాను కట్టిన పన్నును తరువాతి లెక్కలో మినహాయించుకొనును. రైతుకు ఆ వీలు లేదు. పత్తికి, మిరపకు మందుల ఖర్చెంతయో మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. 2025లో మిరప ధర పడిపోయినపుడు కేంద్రము జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధరగా ప్రకటించెను. మందు సీసాపై పన్ను మాత్రము ధర పడిన ఏటను, పెరిగిన ఏటను ఒక్కటే. రైత్వారీ శిస్తు పోయినదనుకొంటిమి గాని, దాని నీడ మందుల దుకాణములో మిగిలియున్నది.

ఏ శాసనసభయు ఆమోదింపని పన్ను మరియొకటి కలదు. దానికి మన పాతమాటయే సరిపోవును: బకాయి. 2020 మార్చి, ఏప్రిల్ నెలల జీతములలో కొంత భాగమును రాష్ట్ర ప్రభుత్వము వాయిదా వేయగా, హైకోర్టు 12 శాతము వడ్డీతో చెల్లింపుమనెను. 2021లో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతమునకు తగ్గించెను. ఆలస్యమునకును వెల కలదని న్యాయస్థానములు ఒప్పుకొన్నవన్నమాట. ఉపకారవేతనము ఆలస్యమై, ఫీజు తీరక, సర్టిఫికెట్టు కొరకు తిరుగు పిల్లవానికి ఎవరును వడ్డీ కట్టి ఇచ్చుట మేమెరుగము. వాని తండ్రి మాత్రము అప్పు తెచ్చిన చోట నెలనెల వడ్డీ చెల్లించుచునే యుండును.

బడ్జెట్ గ్రంథములలో ప్రతి పద్దుకు ఎదురుగా మూడు రకముల అంకెలుండును: గడచిన ఏటి వాస్తవ లెక్క, నడుచుచున్న ఏటి సవరించిన అంచనా, రాబోవు ఏటి అంచనా. పత్రికలు మూడవ దానినే పెద్ద అక్షరములతో ప్రకటించును. అర్థశాస్త్రము చదువు విద్యార్థులు ఈ సంవత్సరము ఉపకారవేతనముల పద్దును తీసికొని, నాడు ప్రకటించిన అంచనాను తరువాత వచ్చిన వాస్తవ లెక్క ప్రక్కన పెట్టి, ఐదేండ్లకు చూచి ఒక పట్టిక వ్రాసి తెచ్చినచో, కమిటీవారు దానిని వచ్చే సంచికలో అచ్చువేయుదురని ఆశించుచున్నాము.