జోగల్‌తెంభి నాణేలు

జోగల్‌తెంభి నాణేలు మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాకు చెందిన జోగల్‌తెంభి గ్రామంలో 1906లో లభించిన వెండి నాణేల నిధి. ఇందలి 13,000కు పైగా నాణేలు మొదట క్షహరాత వంశపు పశ్చిమ క్షత్రపుడైన నహపానుడు ముద్రించినవి. వీటిలో 9,000కు పైగా నాణేలపై శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి వేయించాడు.

పునర్ముద్రణ

నహపానుని నాణెంపై ఒకవైపు రాజు తల, గ్రీకు అక్షరాలు, రెండవవైపు బాణం, వజ్రాయుధం, బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులలో అతని పేరు ఉంటాయి. శాతకర్ణి ఈ నాణేలను కరిగించకుండా, వాటిపైననే కమానుల కొండ గుర్తును, తన పేరును, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నాన్ని ముద్రింపజేశాడు. పాత ముద్ర పూర్తిగా చెరగనందున అనేక నాణేలపై ఇద్దరు రాజుల ఆనవాళ్ళూ కనిపిస్తాయి.

చారిత్రక ప్రాధాన్యత

గౌతమీపుత్రుడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనం తెలుపుతున్నది. అది కుమారుని కీర్తించే ప్రశస్తి. ఆ కథనాన్ని స్వతంత్రంగా బలపరచే సాక్ష్యం ఈ నాణేలే. అయితే నహపానుని కాలపు శాసనాలలోని సంవత్సరాలు ఏ శకానివన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేనందున, ఈ విజయం జరిగిన సంవత్సరం వివాదాస్పదంగానే ఉన్నది.

ఆన్‌లైన్ సేకరణలో

ఇటువంటి పునర్ముద్రిత నాణేలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. ఆ సంస్థ ఆన్‌లైన్ సేకరణలో నహపానుడు, శాతకర్ణి ఇద్దరి నాణేల చిత్రాలనూ పక్కపక్కన పెట్టి పోల్చితే, కొత్త ముద్ర కింద మిగిలిన పాత అక్షరాలను గుర్తించడం సులభమవుతుంది.