త్రాసు నిజము చెప్పునా?

ఖమ్మము జిల్లా తూర్పు అంచున, సత్తుపల్లికి చేరువలో వేంసూరు అను గ్రామము కలదు. అచ్చటినుండి భద్రాచలము దిక్కుగా సాగినకొలది చేలు తగ్గి అడవి చిక్కనగును. ఆ అడవులలో నివసించు కోయలును, కొండరెడ్లును చింతపండు, ఇప్పపూవు, కుంకుడుకాయలు, తేనె సేకరించి సంతకు తెచ్చెదరు. ఎండలో కొండలెక్కి తెచ్చిన ఆ వస్తువునకు ఎంత ధర రావలెనో నిర్ణయించునది త్రాసు. త్రాసు తప్పు చెప్పినచో శ్రమలో కొంత భాగము తెలియకుండనే పరుల పాలగును. దళారుల దోపిడినుండి గిరిజనులను కాపాడుటకై 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది.

ఇట్టి త్రాసును మీ యింటి వస్తువులతోనే చేసి పాఠశాల ప్రదర్శనకు తీసికొని పోవచ్చును. చూచుటకు చిన్నదే గాని, ఇదియు నొక యంత్రమే. ఒక ఆధారముపై తిరుగు కడ్డీకి తులాదండమని పేరు. ఆధారమునకు ఇరువైపుల గల బరువును, దాని దూరమును గుణింపగా వచ్చు లబ్ధములు సమానమైననే దండము సమముగా నిలుచును. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున సిసిలీ ద్వీపవాసియగు ఆర్కిమిడీసు ఈ నియమమును గణితరీత్యా నిరూపించెను. మన పొలములలో నీరు తోడిన ఏతమును ఈ నియమము ననుసరించినదే.

62 సెంటీమీటర్ల పొడవు గల గట్టి వెదురుబద్ద నొకదానిని నున్నగా చెక్కుడు. రెండు కొనలకును సెంటీమీటరు లోపలగా, బద్ద వెడల్పునకు సరిగా నడుమ, రెండు బెజ్జములు వేయుడు. మూడవ బెజ్జము ఆ రెంటికిని సరిగా 30 సెంటీమీటర్ల దూరమున ఉండవలెను; కాని వాటికంటె అర సెంటీమీటరు మీదుగా వేయవలెను. క్రిందుగా వేసినచో త్రాసు ఒక ప్రక్కకు ఒరిగి మరల లేవదు. మరీ మీదుగా వేసినచో మొద్దుబారి చిన్న బరువులను గుర్తింపదు. నడిమి బెజ్జములో నున్నని మేకును దూర్చి, దాని రెండు కొనలకు త్రాడు కట్టి, కిటికీ ఊచకు వ్రేలాడదీయుడు. పూర్వము వెన్నకుండకు ఉట్టి కట్టినట్లు రెండు స్టీలు గిన్నెలకు పురికొసతో ఉట్లు అల్లి కొనలకు తగిలింపుడు. కొబ్బరి చిప్పలైనను పనికివచ్చును గాని, కన్నులున్న చిప్ప నీటిని నిలుపదు. బద్ద ఒక ప్రక్కకు వాలినచో రెండవ ప్రక్క గిన్నె అడుగున కొంచెము బంకమట్టి అంటించి సరిచేయుడు.

ఇక పడికట్టురాళ్ళు కావలెను. వీనిని కొనవలసిన పని లేదు. అర లీటరు నీరు అర కిలో తూగును. సీసాలోని అర లీటరు నీటిని రెండు గిన్నెలలోను పంచి త్రాసు సమముగా నిలుచునట్లు చేసినచో ఒక్కొక్క గిన్నెలో 250 గ్రాములుండును. ఒక గిన్నెలోని నీటిని పారబోసి, తుడిచి, అందు ఒక గుడ్డపీలికను ఉంచి, త్రాసు సమమగువరకు ఇసుక పోయుడు. ఆ గుడ్డలోనే ఇసుకను మూట కట్టినచో పావుకిలో రాయి సిద్ధము.

ఇప్పుడు అసలు పరీక్ష. ఖాళీ త్రాసు సమముగా నిలిచినంత మాత్రమున అది నిజము చెప్పునని నమ్మరాదు. నడిమి బెజ్జము ఒక్క సెంటీమీటరు జరిగినదనుకొందము. ఒక భుజము 29, మరియొకటి 31 సెంటీమీటర్లగును. బంకమట్టి అంటించినచో ఆ దొంగ త్రాసును ఖాళీగా నున్నప్పుడు సమముగనే నిలుచును. కొనువాడు పొడవైన భుజమున కిలో రాయిని, పొట్టి భుజమున చింతపండును ఉంచినచో, త్రాసు సమమగుటకు ఇంచుమించు 1069 గ్రాముల చింతపండు కావలెను. కిలోకు 69 గ్రాముల చొప్పున, 40 కిలోలకు రెండుముప్పాతిక కిలోలు ఊరకే పోవును! ఒక సెంటీమీటరు చేయు పని యిది.

దీనిని పట్టుకొనుట మిక్కిలి సులభము. రాయిని సరకు ఉన్న గిన్నెలోనికి, సరకును రాయి ఉన్న గిన్నెలోనికి మార్చవలెను. మంచి త్రాసు అప్పుడును సమముగనే నిలుచును. దొంగ త్రాసు సరకు వైపునకు వాలిపోవును.

దొంగ త్రాసుతోనే నిజమైన తూకమును రాబట్టు ఉపాయమును కలదు. ఫ్రాన్సు దేశీయుడగు బోర్డా (1733–1799) పేరిట ఇది ప్రసిద్ధము. సరకును ఒక గిన్నెలో ఉంచి, రెండవదానిలో ఇసుక పోసి సమము చేయుడు. తరువాత సరకును తీసి, అదే గిన్నెలో పడికట్టురాళ్ళు వేసి మరల సమము చేయుడు. సరకును, రాళ్ళును ఒకే భుజముపై నిలిచి అదే ఇసుకను తూచినవి గనుక, భుజములెంత వంకరైనను ఆ రాళ్ళ బరువే సరకు బరువు.

నేడు అంగళ్ళలో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. వానిలో భుజములు కానరావు గనుక గిన్నెలు మార్చు పరీక్ష పనికిరాదు. 2009 నాటి తూనికలు కొలతల చట్టము ననుసరించి వ్యాపారపు కాటాలను అధికారులు పరీక్షించి ముద్ర వేయవలెను. ముద్ర కానరానిచో మీ ఇసుకమూటను కాటాపై ఉంచి అంకె చూడుడు. ప్రదర్శనకు మాత్రము మంచి త్రాసు నొకటి, దొంగ త్రాసు నొకటి చేసి ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుడు. రెండును ఖాళీగా సమముగనే నిలుచును. దొంగ యేదో చూడవచ్చినవారినే కనిపెట్టుమని అడుగుడు.