ఇంటి దగ్గర మూలనపడ్డ కారు, హోమ్ ఇన్సూరెన్స్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో సొంత ఇంటికి ఎక్కువమంది తీసుకునే బీమా హెచ్‌ఓ-3 పాలసీ. నడవని కారు డ్రైవ్‌వేలోనో పెరట్లోనో ఉన్నప్పుడు ఆ పాలసీ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్న విషయంలో పొరపాటు నమ్మకాలు చాలా ఉన్నాయి.

అపోహ: కారు ఇంటి ఆవరణలోనే ఉంది కాబట్టి ఇంటి సామానుతో పాటు దానికీ బీమా ఉంటుంది.

వాస్తవం: సోఫాకు, బట్టలకు వర్తించే కవరేజి నుంచి పాలసీ మోటారు వాహనాలను మినహాయిస్తుంది. ఇంజిన్ పనిచేయకపోయినా కారు వాహనమే. రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా ఇంటి పనికే వాడే గడ్డికోత బండి వంటివాటికి మాత్రం సడలింపు ఉంది. కారులో పుట్టిన మంట ఇంటికి అంటుకుంటే ఇంటి నష్టానికి పరిహారం వస్తుంది, కారుకు రాదు. వడగళ్లు పడినా, చెట్టు కూలినా, దొంగలు ఎత్తుకుపోయినా ఆదుకునేది ఆటో పాలసీలోని కాంప్రిహెన్సివ్ కవరేజి. కారు నడవడం లేదని ఆ పాలసీని మొత్తంగా రద్దు చేసుకుంటే ఈ రక్షణ కూడా పోతుంది. కాలిఫోర్నియాలో రాష్ట్ర వాహన విభాగం (డీఎంవీ) దగ్గర ‘ప్లాన్డ్ నాన్-ఆపరేషన్’ (నడపబోని వాహనం) కింద నమోదు చేయించి, కాంప్రిహెన్సివ్ ఒక్కటీ ఉంచుకోవడం మేలైన దారి. అలా నమోదైన కారును రోడ్డు మీద నడపడమే కాదు, నిలపడం కూడా కుదరదు.

అపోహ: పొరుగు పిల్లలు కారెక్కి దెబ్బలు తగిలించుకుంటే హోమ్ పాలసీలోని లయబిలిటీ (ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే) కవరేజి చూసుకుంటుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. వాడుకలో ఉన్న ప్రామాణిక పాలసీ పాఠం ప్రకారం, రోడ్డు మీద తిరగడానికి రిజిస్టరైన కారు వల్ల వచ్చే బాధ్యత హోమ్ పాలసీకి చెందదు. రిజిస్ట్రేషన్ లేకుండా, వాడకం పూర్తిగా మానేసి అక్కడే నిలిపి ఉంచిన ‘డెడ్ స్టోరేజ్’ కారుకే ఈ నిబంధన నుంచి సడలింపు. అంటే రిజిస్ట్రేషన్ కొనసాగిస్తూ ఆటో పాలసీ ఆపేసిన యజమానికి రెండు వైపులా రక్షణ ఉండదు. పైగా ‘అట్రాక్టివ్ న్యూసెన్స్’ సూత్రం ప్రకారం, అనుమతి లేకుండా వచ్చిన పిల్లలకు గాయమైనా యజమాని బాధ్యుడయ్యే అవకాశం ఉంది. కంపెనీని బట్టి షరతులు మారతాయి గనుక పాలసీలోని లయబిలిటీ మినహాయింపుల భాగాన్ని స్వయంగా చదవడం అవసరం.

అపోహ: పెరట్లో ఉన్న కారు సంగతి కంపెనీకి తెలియదు.

వాస్తవం: పాలసీ ఇచ్చాక ఇన్‌స్పెక్టర్‌ను పంపే కంపెనీలు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసే కంపెనీలు ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో కొత్త పాలసీని మొదటి 60 రోజుల్లో రద్దు చేయడం కంపెనీకి తేలిక. ఆ తర్వాతైనా, కారు తీసేయకపోతే రెన్యువల్ చేయబోమని నోటీసు రావచ్చు.

అపోహ: సొంత స్థలంలో ఏం పెట్టుకున్నా అడిగేవారుండరు.

వాస్తవం: టెక్సస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ గడువు తీరి, ప్రైవేటు స్థలంలో 30 రోజులకు మించి నడవని స్థితిలో ఉన్న కారు ‘జంక్డ్ వెహికిల్’. బయటికి కనిపిస్తే నగరపాలక సంస్థ దాన్ని తొలగించవచ్చు. కాలిఫోర్నియా వాహన చట్టంలోని 22660 సెక్షన్ కూడా నగరాలకు ఇలాంటి అధికారమే ఇస్తుంది. నాలుగు వైపులా మూసిన గ్యారేజీలో, బయటికి కనిపించకుండా ఉన్న కారు టెక్సస్ చట్టం పరిధిలోకి రాదు. అయితే గ్యారేజీలో పెట్టినంత మాత్రాన హోమ్ పాలసీలోని వాహన మినహాయింపులు మారవు.